పేరు మిగలకపోతే బతుకు వృథా అయినట్టేనా?

వందనాలు బ్రదర్. నలభై దాటాయి, విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దె ఇల్లు, చిన్న ఉద్యోగం, ఆదివారాలు సండే స్కూల్ అని రాశారు. మీతో కలిసి పెరిగినవాళ్లు ప్లాట్ల వ్యాపారంలో బాగా సంపాదించి, చర్చికి ఆర్చి కట్టించి దాని మీద వాళ్ల నాన్నగారి పేరు చెక్కించారు. "నేను పోతే చెప్పుకోవడానికి ఏముంటుంది? సండే స్కూల్ మానేసి నేనూ ఆదివారాలు ప్లాట్లు చూపించడానికి వెళితే తప్పా?" అని అడిగారు.

నాది గుంటూరు. మిర్చి యార్డులో గుమాస్తాగా చాలా ఏళ్లు చేసి ఈమధ్యే మానేశాను.

సంపాదించడం తప్పు కాదు. మంచివాడు తన పిల్లల పిల్లలకు కూడా ఆస్తి ఉంచుతాడని సామెతలు 13వ అధ్యాయంలోనే ఉంది. ఇంటివాళ్లను పట్టించుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని పౌలు తిమోతికి గట్టిగానే రాశాడు. సొంతిల్లు కావాలనుకుంటే కష్టపడండి, దాని గురించి టెన్షన్ వద్దు. కానీ మీ ప్రశ్నలో బాధంతా ఇంటి గురించి కాదు, పేరు గురించి. అది వేరే సంగతి.

బాబెలు గోపురం మొదలుపెట్టినవాళ్లు పేరు సంపాదించుకుందామనే మొదలుపెట్టారు. తన పేరు నిలబెట్టే కొడుకు లేడని దావీదు రాజు కొడుకు అబ్షాలోము బతికుండగానే తనకోసం స్తంభం కట్టించుకున్నాడు. చివరికి అతణ్ణి అడవిలో గోతిలో పడేసి పైన రాళ్లు కుప్ప పోశారు. ప్రభువు వేలమందికి పంచిపెట్టిన ఐదు యవల రొట్టెలు, రెండు చేపలు తెచ్చిన పిల్లవాడి పేరు మాత్రం సువార్తలో ఎక్కడా లేదు. ఆ పూట కడుపు నిండిన వేలమందిలో వాడు ఎవరి బిడ్డో ఎంతమందికి తెలుసుంటుంది?

మా ఊళ్లో కుగ్లర్ ఆసుపత్రి ఉంది. అది అన్నా కుగ్లర్ అనే ఆమె పేరు, 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టరు. లూథరన్ మిషన్ వాళ్లు మొదట ఆమెను పంపింది వైద్యం కోసం కూడా కాదు, ఆడవాళ్ల మధ్య పనీ, బడులూ చూసుకోమని. ఆమె అదీ చేసింది, రోగులనూ చూసింది. ఆసుపత్రి తెరిచేసరికి 1898 అయింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఈ రోజు ఆటో ఎక్కి "కుగ్లర్ ఆసుపత్రి" అంటే చాలు, తీసుకెళ్తారు. కానీ ఆ కుగ్లర్ ఎవరని అడిగితే చాలామంది చెప్పలేరు. పేరు నిలిచింది, మనిషిని మర్చిపోయారు. అంత సేవ చేసిన మనిషి సంగతే ఇలా ఉంటే, ఆర్చి మీద చెక్కించిన పేరు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆమె చేసిన పని మాత్రం ఒక్క రోజూ వృథా పోలేదని నేను మనసారా నమ్ముతాను. ఆ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలు ఆమె ఎవరో తెలియకుండానే పెరిగి పెద్దయి, వాళ్ల పిల్లలను పెంచారు.

నా సంగతి ఒకటి చెబుతాను. యార్డులో సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసగా కాటా మీదికి ఎక్కుతూనే ఉంటాయి. ఘాటుకి కళ్ల వెంట నీళ్లు కారుతుంటాయి, అరుపుల్లో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. రైతు రాత్రంతా బస్తాల మీదే పడుకుని ఉంటాడు, అలసిపోయి లెక్క సరిగా చూసుకోడు. నేను మొదట చేరిన కొట్లో తరుగు, అంటే తూకంలో కోసేది, టిక్కీకి ఒక కిలో ఎక్కువ రాయమన్నారు. దొంగ త్రాసు దేవునికి అసహ్యం అని చిన్నప్పటినుంచి విన్నవాణ్ణి, రాయలేనన్నాను. ఆ నెలాఖరుకి పని పోయింది. కొన్నాళ్లు ఇల్లు గడవడం కష్టమైంది, తర్వాత ఇంకో కొట్లో తీసుకున్నారు. నేను సరిగ్గా రాసిన తూకంతో ఇంటికెళ్లిన రైతులకు నేనెవరో తెలియదు. అసలు తమకు ఏదో మిగిలిందని కూడా తెలియదు. రహస్యంగా చూసే తండ్రి ఉన్నాడని ప్రభువు కొండమీద చెప్పాడే, ఆ మాట నాకు బాగా అర్థమైంది ఆ కాటా దగ్గరే.

పాలిచ్చే తల్లి, లెక్క తప్పు రాయని గుమాస్తా, రోగిని విసుక్కోని నర్సు, వీళ్ల పేరు ఏ రాతి మీదా ఉండదు. మన పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించమన్నాడు ప్రభువు. ఆ రాత మన సంపాదనను బట్టి పడేది కాదు, ఆయన కృపను బట్టి పడేది. కాబట్టి దాన్ని నిలబెట్టుకోవడానికి మీరు పరుగెత్తనక్కరలేదు.

ఇక సండే స్కూల్. దయచేసి మానకండి. నాకు 23వ కీర్తన కంఠతా పెట్టించిన టీచరమ్మ పేరు ఎంత ఆలోచించినా గుర్తు రాదు. మా అమ్మ మంచాన పడినప్పుడు రోజూ సాయంత్రం పక్కన కూర్చుని నేను చెప్పింది ఆ కీర్తనే. ప్లాట్ల పని చేసుకోవాలనుంటే శనివారం దాకా చేసుకోండి, ఆదివారం చూస్తామనే పార్టీలకు మధ్యాహ్నం తర్వాత రమ్మని చెప్పండి. నిజంగా కొనేవాళ్లయితే ఆ కాస్త ఆగుతారు.