పాలు పెరిగాయి, వెన్న పడిపోయింది... ఎందుకు?

ప్రశ్న: మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవు ఈని నెలన్నర అయింది. రోజుకు 10 లీటర్లు ఇచ్చేది. పాలు పెరగాలని పది రోజులుగా మొక్కజొన్న పిండి, ఉడికించిన నూకలు కలిపి పూటకు 4 కిలోల చొప్పున రెండు పూటలా పెడుతున్నాం. రెండు లీటర్లు పెరిగాయి గానీ వెన్న 3 శాతం లోపుకు వచ్చింది. పేడ పల్చగా, నురగతో పడుతోంది. ఒక రోజు బాగా తింటే మరునాడు దాణా ముట్టదు. నులిపురుగుల మందు తాగించినా తేడా లేదు. ఏం చేయాలి?
– ఒక పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: ఇది నులిపురుగుల వల్ల వచ్చినట్టు లేదు. మీరు చెప్పిన లక్షణాలు పెద్ద పొట్టలో (రూమెన్) పులుపు పెరిగిందని సూచిస్తున్నాయి. దీన్నే ఎసిడోసిస్ అంటారు. పొట్ట రసం తీసి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) చూస్తే ఖాయంగా తెలుస్తుంది.

గడ్డిలోని పీచును ఆవు సొంతంగా అరిగించుకోలేదు. ఆ పని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులది. పీచును అరిగించే బ్యాక్టీరియా బాగా పనిచేయాలంటే పీహెచ్ 6కు పైన ఉండాలి. మొక్కజొన్న, నూకలు గడ్డి కంటే చాలా వేగంగా పులుస్తాయి, ఉడికిస్తే మరీ త్వరగా. అలా పుట్టిన ఆమ్లాన్ని పొట్ట గోడ పీల్చుకునేలోపే ఇంకొంత తయారవుతుంది. పీహెచ్ 6 కంటే దిగితే పీచు బ్యాక్టీరియా మందగిస్తాయి. పాలలో వెన్న తయారీకి కావాల్సిన ఎసిటిక్ ఆమ్లం ఎక్కువగా వాటి నుంచే వస్తుంది కాబట్టి ముందు దెబ్బ తగిలేది వెన్నకే. పీహెచ్ ఇంకా పడి 5 దగ్గరికి వస్తే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియాదే రాజ్యం. ఆ ఆమ్లాన్ని తిని తగ్గించాల్సిన బ్యాక్టీరియా కూడా అంత పులుపును తట్టుకోలేవు, ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు చనిపోతాయి. చచ్చిన బ్యాక్టీరియా నుంచి వెలువడే విషాలు రక్తంలో కలిస్తే గిట్టలు దెబ్బతింటాయి. కుంటడం మాత్రం కొన్ని వారాలు గడిచాకే బయటపడుతుంది, అప్పుడు దాణా సంగతి ఎవరికీ గుర్తుండదు.

రోజు విడిచి రోజు తినడానికి కారణమూ ఇదే. పులుపు పెరిగితే ఆకలి చస్తుంది. తినకపోతే పొట్ట కోలుకుంటుంది. మరునాడు ఆవురావురుమని తింటుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఉడికించిన నూకలు ఇవాళే ఆపండి. 12 లీటర్ల ఆవుకు ఒంటి పోషణకు ఒకటిన్నర కిలో, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో లెక్కన ఆరు, ఆరున్నర కిలోల దాణా చాలు. అందులో మొక్కజొన్న ఒక్కటే కాదు, నూనెగింజల చెక్క, తవుడు, ఖనిజ లవణ మిశ్రమం కూడా ఉండాలి. దాన్ని మూడు నాలుగు సార్లుగా పెట్టండి. ప్రతిసారీ ముందు ఎండుగడ్డి గానీ జొన్న చొప్ప గానీ తిననిచ్చి, తర్వాతే దాణా. చొప్పను చాఫ్ కట్టర్‌లో మరీ పొడిలా కొట్టించొద్దు, అంగుళం, రెండంగుళాల ముక్కలుండాలి. పొడవు గడ్డి నమిలి నెమరేస్తేనే లాలాజలం ఊరుతుంది. పెద్ద ఆవుకు రోజుకు వంద లీటర్లకు పైగా ఊరే లాలాజలంలో పులుపును తగ్గించే సోడా సహజంగానే ఉంటుంది. ప్రస్తుతానికి దాణాలో రోజుకు 100 నుంచి 150 గ్రాముల వంటసోడా రెండు పూటలుగా కలపొచ్చు. గడ్డి పెట్టకుండా సోడా మీదే ఆధారపడితే లాభం లేదు. నోటి ద్వారా యాంటీబయాటిక్ మాత్రం సొంతంగా వేయకండి, మిగిలిన మంచి బ్యాక్టీరియా కూడా పోతాయి.

ముందుముందు దాణా పెంచాలన్నా, మార్చాలన్నా రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా చేయండి. కొత్త మేతకు సూక్ష్మజీవులు అలవాటు పడటానికి ఆ మాత్రం సమయం కావాలి. ఆవు ధాన్యం బస్తా మీద పడి తిన్నా, పెళ్లి భోజనాల మిగులు అన్నం ఎక్కువగా తిన్నా ఈ చిట్కాలు పనికిరావు. పొట్ట ఉబ్బి, నీళ్ల విరేచనాలతో తూలుతుంటే గంటలే కీలకం, వెంటనే పశువైద్యుణ్ని పిలవండి లేదా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

వెన్న మళ్లీ పెరగడానికి పది, పదిహేను రోజులు పట్టొచ్చు. ఈలోగా పాలు ఒక లీటరు తగ్గినా టెన్షన్ పడి నూకలు మళ్లీ మొదలుపెట్టకండి.