క్యాంపర్ వ్యాన్‌కు కందిరీగలు గూడు పెడితే ఎలా తీయాలి?

హైదరాబాద్‌లో నెలల తరబడి కదలని క్యాంపర్ వ్యాన్‌కు, పైఅంచు కింద కందిరీగలు గూడు పెట్టాయన్నారు. ముందు అది తేనెపట్టు కాదని చూసుకోండి. కందిరీగల గూడు బూడిదరంగు కాగితంలా ఉండి సన్నని కాడతో వేలాడుతుంది, గదులు కిందికి తెరుచుకుని కనిపిస్తాయి. తేనెపట్టయితే చెయ్యి పెట్టకండి, తేనె తీసేవాళ్లను పిలవండి.

పగలు ముట్టుకోవద్దు, చాలా కందిరీగలు బయట తిరుగుతుంటాయి. చీకటి పడ్డాక గంట ఆగండి. లీటరు నీళ్లలో 3 చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, దూరం కొట్టే స్ప్రేయర్‌తో గూడు తడిసి కారేదాకా కొట్టండి. ఉత్త నీళ్లు వాటి ఒంటిమీంచి జారిపోతాయి. సబ్బు నీళ్లు శ్వాసరంధ్రాల్లోకి దిగితే కందిరీగలు ఊపిరాడక రాలిపోతాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఎరుపు వాటికి సరిగా కనపడదు. మందపాటి నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు తప్పనిసరి. నిచ్చెనెక్కి మాత్రం చేయకండి. ఒక్కటి కుట్టినా పట్టు తప్పుతుంది. మంట, పెట్రోలు వద్దే వద్దు, బండిలో గ్యాస్ సిలిండర్ ఉంటుంది.

మర్నాడు కాడతో సహా గీకేసి, ఆ చోటు సబ్బుతో కడగండి. గూడు ఫ్రిజ్‌కు గాలి ఆడే జాలీ లోపల ఉంటే నీళ్లు కొట్టకండి, అక్కడ వైర్లుంటాయి. పెస్ట్ కంట్రోల్ వాళ్లకే వదిలేయండి. కుట్టాక ముఖం వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.