కిరాయి కంటే ఈఎంఐ ఎక్కువైతే రిటర్న్‌లో చూపించాలా?

కాజీపేట ఫ్లాట్‌కు కిరాయి 9 వేలు వస్తే ఈఎంఐ 24 వేలు పోతోంది, ఇక ఆదాయం ఎక్కడిది, ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించాలా అని మీరు అడిగారు. అన్నా, చూపించాలి. నేనూ మీలాగే అనుకుని మొదటి ఏడు వదిలేశాను.

మా ఇల్లు హనుమకొండ నయీంనగర్‌లో, నా ఉద్యోగం కరీంనగర్‌లో. ఇంట్లో కిరాయికున్నాయన హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను తగ్గించుకోవడం కోసం తన ఆఫీసులో నా పాన్ నంబరు ఇచ్చాడు. కిరాయి ఏడాదికి లక్ష దాటితే ఇవ్వాల్సిందే, ఆయన తప్పేం లేదు. కొన్నాళ్లకు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల నుంచి నా ఫోన్‌కు మెసేజ్: మీ కిరాయి ఆదాయం రిటర్న్‌లో కనబడటం లేదని. రెండు రాత్రులు ఒకటే టెన్షన్. తీరా లెక్క వేస్తే, దాచి నష్టపోయింది నేనే!

ఆ ఏడు ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంది. పది నెలల కిరాయి 1,10,000. నేను కట్టిన ఇంటి పన్ను 4,200 తీసేస్తే 1,05,800. అందులో 30 శాతం, అంటే 31,740, మరమ్మతుల కింద వాళ్లే తగ్గిస్తారు. రశీదులు అక్కర్లేదు. మిగిలింది 74,060. ఇక్కడే నేను పొరపాటు చేశాను. ఈఎంఐ మొత్తం 3,30,000 వేసేశాను. అలా కుదరదు, వడ్డీ ఒక్కటే వేయాలి. బ్యాంకు ఇచ్చిన సర్టిఫికెట్‌లో వడ్డీ 2,61,000 ఉంది, మిగతాది అసలు. అంటే నష్టం 1,86,940. పన్ను లెక్కకు పాత, కొత్త అని రెండు పద్ధతులున్నాయి, అప్పుడు నేను పాత పద్ధతిలో ఉన్నాను కాబట్టి అదంతా జీతంలోంచి తగ్గింది. రివైజ్డ్ రిటర్న్, అంటే సరిదిద్దిన రిటర్న్ వేస్తే రీఫండ్ కూడా వచ్చింది.

బోరు మోటారు కాలిపోయి 18 వేలు పెట్టాను, అదీ చూపిద్దామనుకున్నా. ఆ 30 శాతంలోనే అన్నీ సర్దుకోవాలట. మోటారుకు తెలుసా పాపం!

పాత పద్ధతిలో ఇలా జీతంలోంచి తగ్గించుకునేది ఏడాదికి 2 లక్షల దాకానే. అంతకు మించిన నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు గానీ, అది ఇంటి ఆదాయంలోంచే తగ్గుతుంది. కొత్త పద్ధతిలోనైతే వడ్డీ కిరాయిని సున్నా చేస్తుంది, అంతే. జీతం జోలికి రాదు. అలాగని తొందరపడి పాతదానికి మారకండి. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో 12,75,000 దాకా జీతానికి ఎలాగూ పన్ను లేదు, అలాంటప్పుడు ఈ నష్టంతో మీకు పనేముంది? జీతం అంతకంటే ఎక్కువుంటే రెండు రకాలుగా లెక్క వేసి చూడండి. పాత పద్ధతి కావాలంటే మాత్రం గడువులోపే రిటర్న్ వేయాలి.

ఇంటి పన్ను ఆ ఏడాదిలో మీరు కట్టి ఉంటేనే తగ్గుతుంది, బాకీ పెడితే లేదు. మార్చి దాటక ముందే ఆ రశీదు ఒకటి దగ్గర పెట్టుకోండి.