గోడ మీద పాత మ్యాపు, మెమోలో కెమిస్ట్రీ

ప్రశ్న: సార్, మాది కాజీపేట. మా పెద్దోడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రోజూ రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటర్‌లో రైలు సిమ్యులేటర్ ముందే ఉంటాడు. ఆడతాడా అంటే ఆడడు. పాత మ్యాపులు ముందేసుకుని 1935 నాటి కాజీపేట – బల్లార్షా లైను కడుతున్నా అంటాడు. గోడ నిండా మ్యాపులే. టెన్త్‌లో మంచి మార్కులొచ్చినయి, ఫస్టియర్‌లో కెమిస్ట్రీ బాగా తగ్గింది. మా మామయ్య ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఆ రైలు పిచ్చే వీడికీ అంటిందని మా ఆయన కోపం. ఈ ఆటలతో ఏం కొలువొస్తది? కంప్యూటర్ తీసెయ్యమంటారా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, తీసెయ్యకండి. రాత్రి ఒంటిగంట సంగతి మాత్రం మారాలి, దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం చూసి బాబును తీసుకుని రమ్మన్నాను కదా. ఆదివారం మీరు బయట బెంచీ మీద కూర్చున్న గంటన్నరలో వాడు లోపల నాకేం చూపించాడో మీకు తెలియదు. ముందు అది వినండి.

లాప్‌టాప్ తెరిచేముందు వాడు చుట్ట చుట్టిన ఒక కాగితం విప్పాడు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల పాత టోపోషీట్‌కు, అంటే నేల వివరాలు చూపే మ్యాపుకు జిరాక్స్. ఒక మైలు నేలను ఒక అంగుళంలో చూపించే రకం. మన ఊరు ఏ షీట్‌లో ఉంటుందని అడిగితే, "ఒక్క దాంట్లో ఉండదు సార్" అన్నాడు. 18 డిగ్రీల అక్షాంశం మన ఊళ్ల మధ్యలోంచి పోతుంది. అందుకని కాజీపేట, వరంగల్ స్టేషన్లు, కోట ఉన్న దక్షిణ భాగం 56 ఓ వరుస షీట్లలోకి, కాకతీయ యూనివర్సిటీ వైపు భాగం 56 ఎన్ వరుసలోకి పోతాయి. ముప్పై ఏళ్లుగా హనుమకొండలో ఉంటున్నాను, నాకీ సంగతి తెలియదు. మీ వాడు రెండు షీట్లను అంచు కలిపి, గుండుసూదులతో గుచ్చి చూపించాడు.

నేను కొంచెం ఇరికిద్దామని అడిగాను: "ఈ మ్యాపు చూసి కాజీపేట యార్డులో ఎన్ని లైన్లు ఉండేవో చెప్పగలవా?" చెప్పలేనన్నాడు. ఎందుకని అడిగితే కాగితం మీద లెక్క వేశాడు. ఆ మ్యాపులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 63 మీటర్లు. పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు ఉంటుంది, ఆ గీత కింద ఆరేడు పట్టాలు దాక్కోవచ్చు. లైను ఏ దారిన పోయిందో మ్యాపు చెబుతుంది కానీ యార్డు లోపలి సంగతి చెప్పదు. ఎత్తుపల్లాలదీ ఇదే కథ. ఆ షీట్లలో 50 అడుగుల ఎత్తుకు ఒక కాంటూరు గీత, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. రైలు 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుతుంటే, ఒక గీత నుంచి ఇంకో గీతకు చేరేసరికి మూడు కిలోమీటర్లు దాటిపోతుంది. మధ్యలో ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అనేది రైల్వే వాళ్ల గ్రేడియంట్ (వాలు) చార్టులు చూస్తేనే తేలుతుంది.

పదిహేడేళ్ల పిల్లాడు తన దగ్గరున్న ఆధారం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో అంత స్పష్టంగా చెప్పడం నేను అరుదుగా చూశాను. ఇంజనీరింగ్ ఫైనలియర్ పిల్లలు కూడా మ్యాపులో గీత కనిపిస్తే చాలు, అదే నిజమనుకుంటారు.

మీ ఇంట్లో నేల మీద సుద్దముక్క గీతలు చూసి మీరు కోప్పడ్డారట. అవి మీ మామయ్య గీసినవి. ఇంజన్‌కు నీళ్లు పట్టే గొట్టం ఎక్కడుండేది, బూడిద ఎక్కడ దులిపేవాళ్లు, ఇంజన్‌ను ఎటు తిప్పేవాళ్లు అని మనవడు అడిగితే పెద్దాయన కూర్చుని గీసి చూపించారు. నన్ను ఆలోచింపజేసింది దాని తర్వాత మాట. "తాత చెప్పింది 1970ల షెడ్డు సార్, నాది 1935 రూటు. అప్పుడూ అట్లనే ఉందో లేదో తెలవదు. అందుకే అది వేరే రంగులో పెట్టిన" అన్నాడు. సొంత తాత మాటను కూడా తారీకు చూసి పక్కన పెట్టగలిగాడంటే, ఇది రైలు పిచ్చి మాత్రమే కాదు.

ఇందులో చరిత్ర కూడా చాలానే ఉంది. నిజాం రైల్వే 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వచ్చింది, అక్కణ్నుంచి 1886కు వరంగల్, 1889కి బెజవాడ చేరింది. కాజీపేట నుంచి ఉత్తరానికి బల్లార్షా వరకు పూర్తయింది 1929లో. ఢిల్లీ, మద్రాసులకు మన మీదుగా నేరుగా దారి పడింది అప్పుడే. అంతకుముందు సర్వే చేసిన షీట్లయితే కాజీపేటకు ఉత్తరాన బల్లార్షా దాకా పూర్తి రైలు గీత ఉండదు. షీట్ ఎప్పుడు అచ్చయిందని కాదు, సర్వే ఎప్పుడు జరిగిందని అంచున చూడాలి. మీ వాడు మొదట్లో ఆ తేడా తెలియక ఒక నెల పని పాడుచేసుకున్నానని నవ్వుతూ చెప్పాడు.

నేల ఎత్తుల కోసం 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక కొలిచిన లెక్కలు వాడుతున్నాడు. అవి ఉచితమే. చిక్కేమిటంటే అందులో రామగుండం దగ్గర సింగరేణి ఓపెన్‌కాస్ట్ గుంతలు, మట్టిదిబ్బలు కూడా వచ్చేస్తాయి. 1935లో అవెక్కడివి? పాత కాంటూరు చూసి ఒక్కొక్క దిబ్బనూ చదును చేస్తున్నాడు. ఎన్టీపీసీ చిమ్నీలు ఉండకూడదు. సిర్పూర్ కాగితం మిల్లు మొదలైందే 1938లో, అదీ ఉండకూడదు. వరంగల్ ఆజంజాహి మిల్లు మాత్రం 1934 నాటిది, దాన్ని పెట్టొచ్చు. ఇప్పుడది నేలమట్టమైంది కాబట్టి పాత ఫోటోలే దిక్కు.

పొగిడింది చాలు. మీ వాడి తప్పు కూడా చెప్పాలి. రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న లైను మొదలుపెట్టి, ఏడాదిన్నరలో పూర్తిగా ముగించింది ఒక్క స్టేషన్ కూడా లేదు. కాజీపేటలో కొంచెం, పెద్దపల్లిలో కొంచెం, గోదావరి వంతెన సగం. రేపు ఎవరికైనా చూపించాలంటే ఏం చూపిస్తాడు? కాజీపేట నుంచి హసన్‌పర్తి రోడ్ వరకు, అంతే, అది ముగించమన్నాను. మొహం మాడ్చుకున్నాడు. ఆ మాత్రం మాడ్చుకోనివ్వండి.

ఇప్పుడు కొలువు సంగతి. రైళ్లంటే ఇష్టం అనగానే లోకో పైలట్ అనేస్తాం. నేనూ ఒకప్పుడు అదే తప్పు చేశాను. ఏడెనిమిదేళ్ల క్రితం జనగామ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయికి అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాయమని ఉత్సాహంగా చెప్పాను. రాశాడు, గెలిచాడు, మెడికల్‌లో పోయాడు. ఆ ఉద్యోగానికి ఏ-1 దృష్టి కావాలి, అంటే అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి. ఆ పిల్లాడు నా ఎదురుగా అద్దాలు పెట్టుకునే కూర్చున్నాడు, నేనే చూసుకోలేదు. మీ వాడికీ అద్దాలున్నాయి. అందుకని తాతగారి సీటు గురించి ఇంట్లో ఆశ పెట్టుకుంటే ఇప్పుడే వదిలేయండి. వాణ్ని అడిగితే వాడికీ ఆ కోరిక లేదు. నడపడం కన్నా కట్టడమే ఇష్టమట.

కట్టడంలో ఏది ఇష్టం అన్నదే అసలు ప్రశ్న. ఈ పనిలో మూడు పనులు కలిసున్నాయి. పాత మ్యాపును ఇప్పటి భూమి మీద సరిగ్గా కూర్చోబెట్టడం ఒకటి. పట్టాలకు వంపు, వాలు లెక్కకట్టి వేయడం ఒకటి. స్టేషన్లు, ఇంజన్లు, చెట్లు బొమ్మల్లా తయారుచేయడం ఇంకొకటి. మూడింటికీ మూడు చదువులు. ఏ పని చేసేటప్పుడు టైం మర్చిపోతావని అడిగాను. వెంటనే చెప్పలేకపోయాడు. ఈసారి వచ్చేలోపు ఏ పని మీద ఎన్ని గంటలు కూర్చున్నాడో రాసుకు రమ్మన్నాను.

నా అంచనా మాత్రం మొదటిదే. ఎందుకో చెబుతాను. పాత మ్యాపులు ఎవరెస్ట్ అనే పాత కొలత మీద గీసినవి, ఇప్పటి జీపీఎస్ కొలత వేరు. నేరుగా పెడితే వంద మీటర్లకు పైనే పక్కకు జరుగుతుంది. పట్టాలు పోయి ఎవరి పొలంలోనో పడతాయి. దాన్ని సరిచేయడానికి రెండు మ్యాపుల్లోనూ కదలని గుర్తులు వెతకాలి. రోడ్లు మారతాయి, వాగులు పక్కకు జరుగుతాయి. మీ వాడు గుళ్లు, చెరువు కట్టలు ఎంచుకున్నాడు. క్యూజిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్క షీట్‌కు ముప్పై గుర్తులు పెట్టాడు. నాలుగు సరిపోవా అంటే, "ఒక మూలకే పెడితే ఇంకో మూల సాగుతుంది సార్" అన్నాడు. దీన్ని జియోరెఫరెన్సింగ్ అంటారు. దీనికి జీతమిచ్చే కంపెనీలు హైదరాబాద్‌లో ఉన్నాయి.

ఆ దారిలో పోవాలంటే ముందు సివిల్ బీటెక్ మంచి పునాది. తర్వాత ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాస్తే మన ఎన్ఐటీ వరంగల్‌లోనే రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం), జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని)లో ఎంటెక్ ఉంది. మీ ఇంటి నుంచి ఆటోలో పోయే దూరం. డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్ ఉంది. వాళ్లు ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు కూడా నడుపుతారు, పరీక్షలయ్యాక ఒకటి చేయొచ్చు. బాలానగర్‌లో ఇస్రో వాళ్లదే రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, ఈ రెండూ మన రాష్ట్రంలోనివే. 2021లో కేంద్రం మ్యాపుల మీద ఉన్న పాత ఆంక్షలు చాలావరకు సడలించింది. అప్పటినుంచి ప్రైవేటు కంపెనీలకు ఈ పని సులువైంది. భూముల సర్వే వైపు కూడా మన దగ్గర పని పెరుగుతోంది, కానీ దాని కోసమే కోర్సు ఎంచుకోమని నేను చెప్పను.

పట్టాల మీదే మనసుంటే అదీ సివిలే. రెండు డిగ్రీల వంపు అంటే ఎంత అని అడిగాను. 1750ని రెండుతో భాగించి, 875 మీటర్ల వ్యాసార్ధం అని చెప్పాడు. ఇది రైల్వే ఇంజనీర్లు వాడే సూత్రమే. కాజీపేట – బల్లార్షా మూడో లైను పనులకు ఇదే లెక్క కావాలి. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు జూనియర్ ఇంజనీర్ పరీక్ష ఉంది. వడోదరలో రవాణా కోసమే పెట్టిన గతిశక్తి విశ్వవిద్యాలయం ఉంది, బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఇస్తారు. బొమ్మల వైపైతే దారి వేరు: త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష యూసీడ్ రాయాలి, చేసిన పని చూపించాలి. అందులో పోటీ ఎక్కువ, నిలకడ తక్కువ. మీ వాడి ఇంజన్ బొమ్మ నేను చూశాను. చక్రాలు బాగున్నాయి.

కెమిస్ట్రీ గురించి వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. మన ఎప్‌సెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కులు ఇప్పుడు కలపరు, నిజమే. కానీ జేఈఈ మెయిన్ మీద ఎన్ఐటీ సీటు కావాలంటే ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో చోటో ఉండాలి. ఆ గీత దాటకపోతే ర్యాంకు ఎంతొచ్చినా లాభం లేదు. ఈ మాట అన్నప్పుడు వాడు మొదటిసారి తలెత్తి చూశాడు. "కెమిస్ట్రీ అక్కడ అడ్డం వస్తదా సార్?" అన్నాడు. ఇంతకాలం చదువు చదువు అని అందరం అన్నాం కానీ ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

కాబట్టి పరీక్షలయ్యేదాకా సిమ్యులేటర్ ఆదివారం మధ్యాహ్నం మాత్రమే. మిగతా రోజుల్లో రాత్రి పదకొండుకు కంప్యూటర్ ఆపేయాలి. దీనికి వాడు ఒప్పుకున్నాడు, మీ ఎదుట కూడా ఒప్పుకోమనండి. మ్యాపులు గోడ మీదే ఉండనివ్వండి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనివ్వండి: ఏది పెట్టాడు, ఎక్కడ చూసి పెట్టాడు, ఎంత నమ్మకం, ఏది ఊహ అని రాసుకోవాలి. రేపు ఇంటర్వ్యూలో స్క్రీన్ మీది రైలు కన్నా ఆ నోట్‌బుక్కే ఎక్కువ మాట్లాడుతుంది.

ఒక విషయం మీకు తెలిసినట్టు లేదు. వాడు దూరాలు కొలవడానికి ఒకట్రెండు సార్లు పట్టాల వెంట నడిచాడట. అది రైల్వే చట్టం 147 సెక్షన్ కింద నేరం. కేసు సంగతి అటుంచండి, ప్రాణం మీదికి వస్తుంది. ప్లాట్‌ఫాం టికెట్ కొని, ప్లాట్‌ఫాం మీద నుంచే చూడమనండి.

పరీక్షలైన వారంలో మళ్లీ రండి. ఆయన ఓపికను బట్టి మీ మామయ్యను కూడా తీసుకురండి. నీళ్ల గొట్టం ఏ వైపు ఉండేదో ఆయన గీసిన బొమ్మలో ఒకలా ఉంది, మీ వాడి దగ్గరున్న పాత ఫోటోలో ఇంకోలా ఉంది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వినాలని ఉంది.