రిపోర్టులో ‘మైల్డ్’ అని ఉంటే క్రాసింగ్ చేయించవచ్చా?

పెంపుడు జంతువులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది హనుమకొండ. మా దగ్గర మూడేండ్ల గోల్డెన్ రిట్రీవర్ ఆడకుక్క ఉంది. పోయినేడు మొదటి ఈతల ఏడు పిల్లల్ని పెట్టింది. రెండు చుట్టాలకు ఇచ్చినం, ఐదు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వాళ్లు కొనుక్కున్నరు. వాటికి ఇప్పుడు పద్నాలుగు నెలలు. రెండో క్రాసింగ్‌కు ముందు చెకప్‌కు తీసుకపోతే గుండెల చప్పుడు తేడాగా ఉందన్నరు. హైదరాబాద్‌ల ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే ‘సబ్ ఎయోర్టిక్ స్టెనోసిస్, మైల్డ్’ అని, వేగం సెకనుకు 3.2 మీటర్లని రాసిచ్చిండ్రు. కుక్క మాత్రం హుషారుగనే ఉంది, తింటుంది, ఉరుకుతుంది. వచ్చే ఈతకు ముగ్గురి దగ్గర అడ్వాన్స్ కూడా తీసుకున్నం. మంచి మగకుక్కతోని కలిపితే పిల్లలకు ఏంగాదని తెలిసినాయన అంటున్నడు. ఈ ఒక్క ఈత తీసుకొని ఆపేయొచ్చా? పాత పిల్లల సంగతేంది? పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాల్నా?

జవాబు: ఈ ఒక్క ఈత కూడా వద్దమ్మా. ముగ్గురికీ అడ్వాన్స్ తిరిగి ఇచ్చేయండి. ‘మైల్డ్’ అన్నది మీ కుక్క ఆయుష్షుకు సంబంధించిన మాట. దాని కడుపున పుట్టే పిల్లలకు ఆ మాట ఏ హామీ ఇవ్వదు.

ముందు రిపోర్టు సంగతి చూద్దాం. గుండె ఎడమ గది నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే మహాధమని మొదట్లో ఒక కవాటం ఉంటుంది. ఈ జబ్బులో ఆ కవాటానికి కాస్త కింద పీచులాంటి కండ గట్టుగానో, ఉంగరంలానో పెరిగి దారిని ఇరుకు చేస్తుంది. నీళ్ల పైపు కొసను వేలితో నొక్కితే ధార ఎట్లా జోరందుకుంటుందో, అక్కడ రక్తం కూడా అంతే. ఆ జోరునే ఎకోలో రక్తం వేగాన్ని చూసే డాప్లర్ పద్ధతి కొలుస్తుంది. వేగాన్ని వేగంతో హెచ్చించి, మళ్లీ నాలుగుతో హెచ్చిస్తే ఇరుకు దాటడానికి గుండె పెడుతున్న అదనపు ఒత్తిడి తెలుస్తుంది. మీ కుక్కకు 3.2ని 3.2తో హెచ్చిస్తే 10.24, దాన్ని నాలుగుతో హెచ్చిస్తే దాదాపు 41 మిల్లీమీటర్ల పాదరసం. 50 లోపు ఉంటే మైల్డ్, 50 నుంచి 80 వరకు మోడరేట్, 80 దాటితే సివియర్ అని లెక్క. కాబట్టి రాసిచ్చింది సరిగ్గానే ఉంది.

కుక్క బెదిరినా, ఎండలో ప్రయాణం చేసి రొప్పుతున్నా, పిడుదు జ్వరం వచ్చి రక్తం తగ్గినా ఈ అంకె కొంత పెరుగుతుంది. మామూలుగా 2 మీటర్ల లోపు ఉంటే నిశ్చింత, 2 నుంచి 2.4 వరకు సందేహం. ఆ మధ్యలో వచ్చిన కుక్కకైతే హిమోగ్లోబిన్ చూసి, కొన్ని నెలలాగి మళ్లీ ఎకో తీయించమంటాం. 3.2ను ఒట్టి బెదురు ఖాతాలో వేయడానికి వీల్లేదు. పైగా డాప్లర్ కిరణం రక్తధారకు సూటిగా లేకపోతే వేగం తక్కువగానే చూపిస్తుంది. అందుకే ఛాతీ పక్క నుంచే కాకుండా పక్కటెముకల కింద, పొట్ట వైపు నుంచి కూడా కొలిచారా అని ఎకో తీసిన డాక్టరును ఫోన్లో అడగండి. చాలా కుక్కల్లో అసలు అంకె దొరికేది అక్కడే. కొలవకపోయి ఉంటే మరోసారి తీయించడం మంచిది. అప్పుడు మహాధమని కవాటం లీకవుతుందా, ఎడమ గది గోడ మందమైందా అన్న రెండు సంగతులూ రాసివ్వమనండి.

ఇక ‘మంచి మగకుక్క’ వాదన. ఇది వంశంలో వచ్చే లోపం. ఒక్కోసారి తల్లిదండ్రులిద్దరూ పైకి బాగున్నా పిల్లల్లో బయటపడుతుంది. మైల్డ్ తల్లికి సివియర్ పిల్ల పుట్టొచ్చు. న్యూఫౌండ్లాండ్ జాతిలో దీనికి సంబంధించిన ఒక జన్యు మార్పును గుర్తించారు గానీ, గోల్డెన్‌లో ఫలానా పిల్లకు వస్తుంది, ఫలానా పిల్లకు రాదు అని తేల్చే నమ్మకమైన డీఎన్ఏ పరీక్ష లేదు. సివియర్ కుక్కల్లో చాలా వరకు మూడేళ్లు నిండకముందే, ఆడుతూ ఆడుతూ కుప్పకూలిపోతాయి. ఆ ఇంటి పిల్లల కళ్ల ముందే అది జరుగుతుంది. తెలిసి తెలిసి ఆ ప్రమాదాన్ని ఇంకొకరి ఇంటికి పంపొద్దు. మీ కుక్కకు కూడా గర్భం బరువే. ఆ రెండు నెలలు ఒంట్లో రక్తం పెరుగుతుంది, గుండె పని పెరుగుతుంది. కుక్కల బ్రీడింగ్, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నియమాలు కూడా క్రాసింగ్‌కు ముందు పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలంటాయి. ఈ ఎకో చూసిన ఏ డాక్టరూ ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

పాత పిల్లల విషయంలో ఆలస్యం చేయొద్దు. పద్నాలుగు నెలలంటే ఆడపిల్లలు ఈపాటికి హీట్‌కు వచ్చే ఉంటాయి, ఎవరో ఒకరు క్రాసింగ్ మాట ఎత్తే ఉంటారు. ఈ వారంలోనే ఏడు ఇళ్లకూ ఫోన్ చేసి, తర్వాత రాతపూర్వకంగా పంపండి. మాటలు ఇట్లా ఉంటే చాలు: “మీరు తీసుకున్న పిల్ల తల్లికి గుండెలో పుట్టుక లోపం ఉన్నట్టు ఎకోలో తేలింది, రిపోర్టు జతచేస్తున్నాం. మీ కుక్క బాగానే ఉండి ఉండొచ్చు. అయినా ఒకసారి పశువైద్యుడి చేత గుండె చూపించండి. తేలేదాకా క్రాసింగ్ చేయించకండి, పరుగు పందేలు పెట్టకండి. ఎప్పుడైనా సొమ్మసిల్లి పడితే వెంటనే చెప్పండి.” రిపోర్టు దాచి మాట మాత్రమే చెప్తే సగం మంది పట్టించుకోరు.

పరీక్షకు వెళ్లినప్పుడు స్టెతస్కోప్ ఎడమ వైపు, ముందు కాలి చంక లోపలికంటా పెట్టి వినాలి. కాసేపు నడిపించి మళ్లీ వినాలి. తేడా చప్పుడు ఏ కొంచెం ఉన్నా డాప్లర్ ఎకో తప్పదు. ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు తీసిన ఎకో నమ్మొచ్చు. ఈ గట్టు పుట్టుకతో పూర్తిగా ఉండదు, మొదటి ఏడాదిలో పెరుగుతూ వస్తుంది. అందుకే అమ్మేటప్పుడు ఎనిమిది వారాల పిల్లలో ఏమీ వినపడకపోయి ఉండొచ్చు. అందులో మీ తప్పు లేదు. ఎకో బాగుంటే ఆ కుక్క హాయిగా ఇంట్లో పెరుగుతుంది, కానీ దాన్ని కూడా బ్రీడింగ్‌కు వాడొద్దనే మా సలహా. మగకుక్క యజమానికి చెప్పడం మరవకండి. ఆయన కుక్క ఇంకెన్ని ఇళ్లకు వెళ్తుందో మనకు తెలియదు, దానికీ ఎకో కావాలి.

ఆపరేషన్ చేయించడమే మేలు. మన ఊళ్లలో హీట్‌కు వచ్చిన కుక్కను మూడు వారాలు కట్టడి చేయడం మాటల్లో అన్నంత తేలిక కాదు, వీధికుక్క ప్రహరీ దూకడానికి ఐదు నిమిషాలు చాలు. గర్భసంచి తీయించని కుక్కలకు వయసు పెరిగేకొద్దీ చీము పట్టే ప్రమాదం ఉంది. గోల్డెన్‌లో ఆపరేషన్ తర్వాత కొన్ని క్యాన్సర్లు ఎక్కువ కనబడ్డాయన్న అధ్యయనాలు ఉన్న మాట నిజమే, దాని గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. మీ పరిస్థితిలో మాత్రం తూకం ఆపరేషన్ వైపే మొగ్గుతుంది. హీట్ అయిపోయిన రెండు మూడు నెలలకు చేయించండి. మైల్డ్ కుక్క మత్తును తట్టుకుంటుంది. కాకపోతే గుండె వేగాన్ని బాగా పెంచే మందులు, రక్తపోటును ఒక్కసారిగా దించే మందులు వద్దు. ఆపరేషన్ పొడవునా ఈసీజీ, బీపీ చూసే ఏర్పాటు ఉన్నచోటే చేయించండి. ఈలోపు పొరపాటున కలిస్తే, గర్భం నిలవకుండా వేసే ఈస్ట్రోజన్ ఇంజెక్షన్‌కు ఒప్పుకోవద్దు. దాంతో గర్భసంచికి చీము పట్టొచ్చు, ఎముక మజ్జ దెబ్బతిని రక్తం తయారవడం ఆగిపోవచ్చు. తొందరగా డాక్టరు దగ్గరికి వెళ్తే ఆపరేషన్‌తోనే సరిపోతుంది.

రోజువారీ జీవితంలో పెద్దగా మార్పు అక్కర్లేదు. పొద్దున, సాయంత్రం నడక సరే. మే నెల ఎండలో బంతి విసిరి పరుగెత్తించడం వద్దు. ఒళ్లు పెరగనివ్వకండి, చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి. నిద్రలో ఉన్నప్పుడు అర నిమిషం ఊపిరి లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 30 లోపు ఉంటే బాగున్నట్టు, వరుసగా దాటుతుంటే చూపించాలి. గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ లాంటి మాత్రలు మోడరేట్, సివియర్ కుక్కల కోసం. మీ కుక్కకు ఇప్పుడు అవసరం లేదు, మెడికల్ షాపులో అడిగి మొదలుపెట్టొద్దు. ఏడాదికోసారి ఎకో తీయిస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. ఈ లోపం ఉన్న కుక్కల్లో గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ పట్టే అవకాశం ఎక్కువ. మన దగ్గర కుక్కకు జ్వరం అనగానే పిడుదు జ్వరమని డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు, చాలాసార్లు అది సరైనదే. మీ కుక్కకు జ్వరం ఒక రోజు దాటి ఉంటే, లేక కుంటుతూ జ్వరం వస్తే, యాంటీబయాటిక్ వేయకముందే రక్తం తీసి కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపమని అడగండి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. పళ్లు శుభ్రం చేయించేటప్పుడు, ఏ చిన్న కోత పెట్టేటప్పుడైనా ముందే యాంటీబయాటిక్ ఇవ్వాలేమో అడగండి. ఎకో రిపోర్టు ఫోటో ఫోన్లో ఉంచుకోండి, కొత్త డాక్టరుకు ముందు అదే చూపించండి.

కుక్కను వేరొకరికి ఇవ్వాలన్న ఆలోచన వస్తే ఆపరేషన్ అయ్యాకే ఇవ్వండి, లేకుంటే అది మళ్లీ ఇంకెవరి దొడ్లోనో ఈనుతుంది. బ్రీడింగ్ కొనసాగించాలనుకుంటే, తీసుకోబోయే పిల్ల తల్లిదండ్రులిద్దరికీ ఏడాది దాటాక తీసిన డాప్లర్ ఎకో, అందులో వేగం అంకెతో సహా చూపించమనండి. ‘డాక్టర్ చూసిండు, బాగుంది’ అన్న మాటకు డబ్బు కట్టొద్దు.

ప్రశ్న: మేము కొన్న తొమ్మిది వారాల ల్యాబ్రడార్ పిల్లకు గుండెలో సన్నటి చప్పుడు, గ్రేడ్ 2 అన్నరు. వాపస్ ఇచ్చేయాల్నా? (పెద్దపల్లి)

జవాబు: తొందరపడకండి. గ్రేడ్ అంటే ఆ తేడా చప్పుడు ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె. ఎదిగే పిల్లల్లో ఒకటి, రెండు గ్రేడుల చప్పుడు ఏ లోపమూ లేకుండా వచ్చి నాలుగైదు నెలలకు పోవచ్చు. నులిపురుగుల వల్ల రక్తం తగ్గినా వస్తుంది. నులిపురుగుల మందు వేయించి, టీకాకు వెళ్లిన ప్రతిసారీ వినమనండి. గ్రేడ్ 3 లేదా అంతకు మించితే, కుడివైపు గట్టిగా వినపడితే, పిల్ల ఎదగకపోతే ఆగకుండా ఎకో తీయించండి. ల్యాబ్రడార్లలో కుడివైపు కవాటం పుట్టుకతో సరిగా తయారుకాని జబ్బు వంశంలో వస్తుంది. అమ్మినాయనకు ఇప్పుడే రాసి పెట్టండి.

ప్రశ్న: మా పొమరేనియన్ ఆడకుక్కకు పీడీఏ ఉంటే హైదరాబాద్‌లో మూయించినం. ఇప్పుడు పూర్తిగా బాగుంది. ఇక క్రాసింగ్ చేయించొచ్చు కదా? (నిజామాబాద్)

జవాబు: చేయించకూడదు. పీడీఏ అంటే పుట్టిన కొద్ది రోజుల్లో మూసుకుపోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం మూసుకోకపోవడం, మీరు సమయానికి మూయించి దాని ప్రాణం నిలబెట్టారు. వదిలేస్తే అలాంటి కుక్కల్లో సగానికి పైగా ఏడాది దాటవు. కానీ మూసింది నాళాన్నే, జన్యువులను కాదు. పొమరేనియన్లలో ఇది వంశంలో వచ్చేదే. దాని తల్లిదండ్రులను మళ్లీ కలపొద్దని మీకు పిల్లను ఇచ్చినవాళ్లకు కూడా చెప్పండి.