మొదట కాలు చూడు

చిరంజీవికి,

నీ కథ అందింది. ఎత్తుగడ బాగుంది. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. "కామెలాప్స్ డెక్కలు టకటకలాడిస్తూ ఇసుక దిబ్బ దిగింది" అన్నావు. ఆ ఒక్క వాక్యానికే ఈ ఉత్తరం. కామెలాప్స్ అంటే ఒకప్పుడు ఉత్తర అమెరికాలో తిరిగి అంతరించిన ఒంటె.

కథ జరిగేది లాస్ ఏంజిలిస్‌లోని లా బ్రేయా తారు మడుగుల దగ్గర. పదమూడు వేల ఏళ్ల కిందట అది ఎడారి కాదు. జూనిపర్లు, ఓక్ చెట్లు, పొదలు ఉండేవి. అక్కడ దొరికిన కామెలాప్స్ పళ్ల సందుల్లో మేత మిగిలింది. అందులో గడ్డి తక్కువ, ఆకులూ రెమ్మలూ ఎక్కువ. నీ ఒంటెను ముందు ఆ పొద దగ్గర నిలబెట్టు.

అంతరించిన జంతువును కాలితో మొదలుపెట్టాలి. నువ్వు మూపురంతో మొదలుపెట్టావు. మూపురమంటే కొవ్వు. అందులో ఎముక లేదు, శిలాజంలో మిగలదు. అయినా మూపురం లేకపోతే ఒంటెలా లేదని కథ తిప్పి పంపే సంపాదకులున్నారు, ఎడారి బొమ్మ లేకుండా అచ్చు వేయని పత్రికలున్నాయి. వాళ్ల కోసం రాయకు.

కాలు అబద్ధం చెప్పదు. పాదం పైన రెండు పొడుగు ఎముకలు అతుక్కుని ఒకటైపోతాయి, అడుగున మళ్లీ పంగలా చీలతాయి. కింద రెండు వేళ్లు, వాటి అడుగున మెత్త, కొసన గోళ్లు. టకటక ఎక్కడిది?

నడకా చూడు. ఒంటె ఎడమ పక్క రెండు కాళ్లూ దాదాపు ఒకేసారి వేస్తుంది, తర్వాత కుడివి. మొండెం పక్కలకు ఊగేది అందుకే. నీ కథకు ప్రాణం ఇక్కడుంది. ఆకులూ దుమ్మూ కప్పేసిన తారు నాలుగైదు సెంటీమీటర్ల లోతున్నా చాలు, పెద్ద జంతువు ఇరుక్కుంటుంది. ఎడమ కాళ్లు రెండూ ఒక్కసారే దిగబడతాయి, ఒళ్లు అటే ఒరుగుతుంది. నువ్వేమో నాలుగు కాళ్లనూ బావిలో పడ్డట్టు ముంచేశావు.

అరుపు విని తోడేళ్లు రావాలి. అక్కడ బయటపడ్డ డైర్ తోడేళ్లే, అంటే అంతరించిన పెద్ద జాతి తోడేళ్లే, నాలుగు వేలకు పైన. ఎరకు వచ్చినవీ ఇరుక్కున్నాయి కాబట్టే అన్ని.

అరేబియా ప్రస్తావన తీసెయ్యి. ఒంటెల వంశం పుట్టింది ఉత్తర అమెరికాలోనే, 4 కోట్ల ఏళ్లకు ముందే. అలాస్కాను సైబీరియాతో ఒకప్పుడు కలిపిన బేరింగ్ నేల దారిన ఆసియాకు దాటింది తర్వాత.

నువ్వడిగిన కలంపేరు సంగతి ఇప్పుడొద్దు. ఆ మూడో పేజీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.