పొరపాటు మీదాకా ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: ఇటీవల పదోన్నతిపై ఒక చిన్న బృందానికి నాయకురాలినయ్యాను. సమావేశాల్లో ఎవరూ నోరు విప్పరు. పొరపాట్లు చేయి దాటిపోయాక గానీ నాకు తెలియడం లేదు. సమర్థులైన ఇద్దరు రాజీనామా చేశారు. శిక్షణ తరగతులు పెట్టిస్తే పరిస్థితి మారుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: శిక్షణ సంగతి తర్వాత చూద్దాం. పొరపాట్లు ఆలస్యంగా బయటపడడమే ఇక్కడ అసలు లక్షణమని నా అభిప్రాయం. హార్వర్డ్ ఆచార్యురాలు అమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లపై 1996లో ప్రచురించిన అధ్యయనంలో, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే అవి ఎక్కువగా నమోదైనట్లు తేలింది. అక్కడి సిబ్బంది తప్పును దాచకుండా చెప్పగలగడమే అందుకు కారణమై ఉంటుందని ఆమె విశ్లేషించారు. తప్పుల పట్టిక ఖాళీగా ఉందని మురిసిపోయే అధికారులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఎవరైనా వచ్చి "లెక్క తప్పిందండీ" అన్నప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాటను గమనించుకోండి. "ఎవరు చేశారు?" అని అడిగితే, విన్న మిగతావారందరూ ఆ క్షణంలోనే జాగ్రత్తపడతారు. "ఎక్కడ తేడా వచ్చింది, ఇప్పుడేం చేయవచ్చు?" అని అడిగితే మరుసటిసారి కబురు ఇంకాస్త ముందే అందుతుంది. టయోటా కర్మాగారాల్లో లోపాన్ని గమనించిన కార్మికుడు హెచ్చరిక తాడు లాగగానే బృంద నాయకుడు సాయానికి వస్తాడు. నిర్ణీత వ్యవధిలో సమస్య తీరకపోతే తయారీ లైను ఆగుతుంది. తాడు కట్టడం ఎవరికైనా సులువే గానీ, లాగినవాడి దగ్గరకు వచ్చే మనిషి చిరాకుపడుతూ వస్తే రెండోసారి దాన్ని ముట్టుకునేవారుండరు.

వెళ్లిపోయిన ఇద్దరి విషయంలో జీతమొక్కటే కారణమనుకోకండి. కష్టమైన పనులన్నీ మీరే ఉంచుకుని, మిగిలినవి వారికి పంచారేమో, వారు తయారుచేసిన నివేదికను పైఅధికారుల ముందు మీరే వినిపించారేమో చూసుకోండి. మంచి పనిమంతులు పదోన్నతి పొందిన కొత్తలో, తాము చేస్తే త్వరగా అవుతుందన్న తొందరలో తరచుగా ఇలాగే చేస్తారు. బాధ్యతతో పాటు నిర్ణయాధికారాన్నీ అప్పగించి, మధ్యలో లాక్కోకుండా ఉంటేనే కింది ఉద్యోగి ఎదుగుతాడు.

ఇకపై సమావేశాల్లో మీ అభిప్రాయం చివర చెప్పండి. ముందే చెబితే తక్కినవారికి తలూపడమే మిగులుతుంది. కొన్నాళ్లకు వారు మాట్లాడడం మొదలుపెట్టాక శిక్షణ పెట్టించండి. ఏ విషయంలో కావాలో అప్పుడు వారినే అడగవచ్చు.